ఇంకో బొంగరం

కత్తెరమ్మకు మోకాళ్ళ నొప్పులని వీధంతా తెలుసు. కత్తిరింపు బల్ల దగ్గర నుంచి దుకాణం గుమ్మం దాకా రావాలంటే నాలుగుసార్లు ‘అమ్మా, అబ్బా’ అని మూలిగే మనిషి. అలాంటి మనిషి ఇప్పుడు పూటపూటకీ పాలగ్లాసు పట్టుకుని రెండంతస్తుల మెట్లు ఎక్కుతోంది. ఒక్క మూలుగు లేదు. గ్లాసు మీద మూత, మూత మీద చెయ్యి, ముఖం నిండా నవ్వు. కుట్టుమిషన్ ముందు కూర్చున్న పెద్దకోడలు ఆ గ్లాసును చూసి కళ్ళలో నిప్పులు పోసుకుంటోంది.

పోసుకోక ఏం చేస్తుంది? ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో అత్తగారి చేతి మీదుగా ఆమెకు అందినవి కత్తిరించిన గుడ్డ ముక్కలే.

కింద యూనిఫాంల దుకాణం. దాని పైన కత్తెరమ్మ, పెద్దకొడుకు, పెద్దకోడలు, వాళ్ళ ఎనిమిదేళ్ళ కూతురు. ఆ పై అంతస్తులో చిన్నకొడుకు, చిన్నకోడలు. చుట్టుపక్కల బడులన్నిటికీ చొక్కాలు, లాగులు, గౌన్లు ఇక్కడి నుంచే వెళ్తాయి. టేపు పెట్టకుండా, పిల్లల్ని ఒకసారి పైనుంచి కిందికి చూసి గుడ్డ కత్తిరించేస్తుంది కాబట్టి ఆవిడ కత్తెరమ్మ. మాటలు కూడా అలాగే కత్తిరిస్తుంది కాబట్టి ఆ పేరు ఇంకాస్త గట్టిగా అతుక్కుంది. ఆవిడ కత్తిరించినది పెద్దకోడలు కుడుతుంది. కుట్టినది పెద్దకొడుకు వ్యానులో వేసుకుని బడులకు చేరుస్తాడు. చిన్నకొడుకు, చిన్నకోడలు మాత్రం ఈ దారాలూ బొత్తాలూ ఒంటికి అంటకుండా, టికెట్లు బుక్ చేసే ఆఫీసులో చల్లగా కూర్చుని పనిచేసుకునేవాళ్ళు. ఇప్పుడు చిన్నకోడలు ఆరో నెల కడుపుతో సెలవు పెట్టి ఇంట్లో ఉంది. ఇంట్లో ఉందంటే మంచం మీద ఉంది. కాలు కింద పెడితే కత్తెరమ్మ ఊరుకోదు.

పెద్దకోడలి కానుపు సంగతి వేరు. ఆమెకు ఏడో నెల వచ్చేసరికి బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. ఆ రోజుల్లో ఈ దుకాణంలో తిండి తినడానికి కూడా తీరిక దొరకదు. పొట్ట మిషన్‌కు తగులుతుంటే కుర్చీ వెనక్కి జరుపుకుని, చేతులు చాచి కుట్టింది. డాక్టరు రమ్మన్న రోజున కత్తెరమ్మ “ఈ బడి బట్టలు ఇచ్చేశాక వెళ్దువుగానిలే” అంది. ఆ బడి అయ్యాక ఇంకో బడి వచ్చింది. కాళ్ళు వాచాయి. వేలి ఉంగరం బిగుసుకుపోయింది. తలనొప్పితో కళ్ళు తెరవలేకపోయింది. చివరికి మిషన్ మీదే వాలిపోతే అప్పుడు తీసుకెళ్ళారు. బీపీ ఎక్కడికో వెళ్ళిపోయిందన్నారు. నెలలు నిండకుండానే కూతురు పుట్టింది, పిడికెడంత.

ఆ పిడికెడు పిల్లే ఇప్పుడు బొంగరం. ఆ పేరు పెట్టింది నాన్న, ముద్దుగానే పెట్టాడు. పెన్సిలు చెక్కుకోవడానికని క్లాసులో లేస్తుంది. దారిలో కిటికీ కనిపిస్తుంది. కిటికీలో పిట్ట కనిపిస్తుంది. పిట్ట ఎటు పోయిందో చూడడానికి బయటికి వెళ్తుంది. అక్కడ ఎండిపోయిన మొక్క కనిపిస్తే, జాలిపడి పక్కపిల్ల సీసాలో నీళ్ళు తెచ్చి పోస్తుంది. పెన్సిలు సంగతి అక్కడితో సరి. ఇంట్లో నిలబడే తింటుంది, నడుస్తూ చదువుతుంది, చెప్పే కథ పూర్తికాకముందే ఇంకోటి మొదలుపెడుతుంది. ఒకరోజు అమ్మకు సాయం చేద్దామని బాబిన్లన్నిటికీ చుట్టిన దారం విప్పి, రంగురంగుల దారాలతో దుకాణం ఈ గోడ నుంచి ఆ గోడకు అల్లేసింది. కత్తెరమ్మ ఆ దారాల్లో చిక్కుకుని తిట్టిన తిట్లకు ఎదురింటివాళ్ళు కిటికీలు తెరిచి చూశారు.

టీచరమ్మ పిలిపించి, “ఈ పిల్ల మొండిది కాదండీ. కూర్చోవాలనే ఉంటుంది దానికి, కూర్చోలేదంతే. ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి” అంది. వెళ్ళారు. కత్తెరమ్మ కూడా వెంట వచ్చింది. రావద్దనే ధైర్యం ఎవరికుంది?

డాక్టరమ్మ బొంగరంతో చాలాసేపు ఆడింది, మాట్లాడింది, ఇంకా రెండుమూడుసార్లు రమ్మంది. చివరికి చెప్పింది. “దీన్ని ఏడీహెచ్‌డీ అంటారు. మెదడు పనిచేసే తీరే అలా ఉంటుంది. మొండితనం కాదు, పెంపకం లోపం కాదు. ఎలా నేర్పాలో అలా నేర్పితే, అవసరమైతే మందు వాడితే, చక్కగా చదువుకుంటుంది.” ఆ తర్వాత పెద్దకోడలి వైపు తిరిగి అడిగింది. “కడుపుతో ఉన్నప్పుడు చెకప్‌లకు వెళ్ళారా? బీపీ ఉండేదా? నెలలు నిండాకే పుట్టిందా?”

పెద్దకోడలు తల దించుకుని ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

“బీపీ రావడం, బిడ్డ ముందే పుట్టడం, వీటివల్ల ఇలాంటివి వచ్చే అవకాశం కొంచెం పెరుగుతుంది. అంతే. మీ పాపకు ఇదే కారణమని ఎవరూ చెప్పలేరు. ఎక్కువగా ఇది కుటుంబంలోనే ఉంటుంది. మీ ఇళ్ళలో చిన్నప్పుడు ఇలా ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?”

పెద్దకొడుకు బడి గోడ దూకని రోజే లేదని కత్తెరమ్మే వందసార్లు చెప్పి నవ్వింది. ఆ గదిలో మాత్రం ఆవిడకు ఆ సంగతి గుర్తురాలేదు. ఆయన కూడా సీలింగు ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు. డాక్టరమ్మ చెప్పినదాంట్లోంచి కత్తెరమ్మ తనకు కావలసిన ముక్క కత్తిరించుకుంది. మిగతా గుడ్డ అక్కడే వదిలేసి వచ్చింది.

“విన్నావుగా? చెకప్‌లకు వెళ్ళకపోతే ఇలాగే ఉంటుంది మరి” అంది మెట్లు దిగుతూ.

‘ఎవరు వెళ్ళనిచ్చారు?’ అన్న మాట పెద్దకోడలి గొంతుదాకా వచ్చి ఆగిపోయింది. దాన్ని మింగింది. మింగింది కానీ అరగలేదు.

తర్వాత కొన్నాళ్ళకే చిన్నకోడలు నెల తప్పిందన్న కబురు. ఇక చూడాలి కత్తెరమ్మ హడావుడి. ఇక్కడో దిండు, అక్కడో దిండు. పళ్ళు తొక్క తీసి, ముక్కలు కోసి, ముక్కల్లో గింజలు ఏరి. ప్రతి పనికీ ఒకే పల్లవి. “ఈసారి అలా జరగకూడదు.” ‘అలా’ అన్నప్పుడల్లా ఆవిడ చూపు మూలన గెంతుతున్న బొంగరం మీదికి వెళ్ళి వచ్చేది. ఒకరోజు ఇంకో ఆజ్ఞ కూడా జారీ అయింది. బొంగరం పైకి వెళ్ళకూడదు. అది గెంతితే చిన్నకోడలికి అదురు.

“పిన్నికి నా బొమ్మ చూపించి వచ్చేస్తా నానమ్మా” అని బతిమాలింది బొంగరం.

“నువ్వు వచ్చేస్తావా? ఏ యుగానికి? పో, కింద ఆడుకో.”

బొంగరం మెట్ల మీద కూర్చుని పైకి చూస్తూ ఉండిపోయింది. ఆ పిల్ల అంతసేపు ఒకచోట కూర్చోవడం పెద్దకోడలు చూడడం అదే మొదటిసారి. ఒళ్ళు మండిపోయింది. అత్తగారి మీద మండాల్సిన మంట సగం దారిలో తిరిగి మేడమీది మంచం వైపు వెళ్ళింది. అత్తగారి మీద కోపగించుకుంటే ఇంట్లో బతకలేం కదా, తోడికోడలి మీదైతే లోలోపల ఎంతైనా కోపగించుకోవచ్చు.

పాపం, చిన్నకోడలు చెడ్డది కాదు. బొత్తిగా లోకం తెలియని పిల్ల. “అక్కా, బొంగరం కడుపులో ఉన్నప్పుడు నువ్వు ఐరన్ మాత్రలు సరిగ్గా వేసుకోలేదా?” అని అమాయకంగా అడిగేది. ఆమె అడిగింది భయంతో. పెద్దకోడలికి వినిపించింది దెప్పిపొడుపు.

ఇదంతా చూసి చూసి, విని విని, ఒకనాడు పెద్దకోడలి మనసులో ఒక కోరిక పుట్టింది. మంచి కోరిక కాదు. ఆ పుట్టబోయేది కూడా బొంగరమే కావాలి. ఒకచోట నిలవకూడదు, ఒక మాట వినకూడదు, ఆ మేడమీద దిండ్లన్నీ చింపి దూది ఎగరేయాలి. అప్పుడు తెలుస్తుంది అందరికీ, ఇన్ని పాలు తాగినా ఇలాంటి పిల్ల పుడుతుందని. తప్పు నాది కాదని అప్పుడు ఒప్పుకుంటారు. ఆ కోరికను రోజూ మిషన్ మీద కూర్చుని నెమరేసుకునేది. దాని రుచి బాగానే ఉండేది.

చిన్నకోడలికి ఏడో నెల నడుస్తుండగా పైప్‌లైను కోసం రోడ్డు తవ్వేశారు. వీధి చివర నుంచి ఆస్పత్రి దాకా గుంటలే. చెకప్ రోజు వచ్చింది. “ఈ కుదుపుల్లో తీసుకెళ్తే ఏమైనా ఉందా? రోడ్డు బాగయ్యాక వెళ్దాం. ఎలాగూ మంచం దిగడం లేదుగా” అంది కత్తెరమ్మ. చిన్నకొడుకు తల ఊపాడు. ఆవిడ ముందు తల అడ్డంగా ఊపడం ఆ ఇంట్లో మగాళ్ళకు రాదు.

అప్పుడే ఒకరోజు బుట్ట దిగింది. మేడమీది వరండా నుంచి తాడు కట్టిన బుట్టలో వస్తువులు దించడం చిన్నకోడలికి సరదా. ఆ రోజు బుట్టలో ఆమె పొడుగు చేతుల గౌను వచ్చింది. “అక్కా, మణికట్టు దగ్గర కొంచెం పట్టేస్తోంది. అత్తయ్యకు చెప్పకు, తిండి ఎక్కువైందని మళ్ళీ క్లాసు పీకుతారు” అని పైనుంచి గుసగుసగా అరిచింది.

పెద్దకోడలు కుట్టు విప్పి, లోపల మడిచిన గుడ్డ వదిలి, వదులు చేసి పంపింది. అత్తగారికి తనూ చెప్పలేదు. చెబితే ‘నువ్వే బిగించి కుట్టావు’ అని తన నెత్తినే వేస్తుందని తెలుసు. కొన్నాళ్ళకు ఇంకో గౌను దిగింది. మళ్ళీ చేతులే. నడుము దగ్గర కాదు, పొట్ట దగ్గర కాదు, మళ్ళీ మణికట్టు దగ్గరే. తర్వాత చెప్పులు కూడా పట్టడం లేదని చిన్నకోడలు మొగుడి చెప్పులు వేసుకుని వరండాలో తిరగడం కనిపించింది.

కుట్టు విప్పుతున్న పెద్దకోడలి చెయ్యి ఆగింది. బిగుసుకుపోయిన తన ఉంగరం గుర్తొచ్చింది. సబ్బు రాసి, దారం చుట్టి, చివరికి ఆస్పత్రిలో కత్తిరించి తీశారు దాన్ని. ఇది ఒళ్ళు రావడం కాదు. ఇది ఏమిటో ఆమెకు తెలుసు. ఈ ఇంట్లో ఆమెకు ఒక్కదానికే తెలుసు.

అయినా చేతులు వదులు చేసింది. ఇంకాస్త ఎక్కువే వదులు చేసింది.

మరునాడు పొద్దున ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. కత్తెరమ్మ చేతిలో కత్తెర ఉంది కాబట్టి ఫోను బల్ల మీద పెట్టి స్పీకరు నొక్కింది. నర్సు గొంతు దుకాణమంతా వినిపించింది.

“చెకప్‌కు రాలేదేంటండీ? వాపులేమైనా ఉన్నాయా? చేతులు, ముఖం? తలనొప్పి?”

“వాపా?” అని నవ్వింది కత్తెరమ్మ. “మాది బట్టల ఇల్లమ్మా. దారమంత ఒళ్ళు వచ్చినా బట్ట చెప్పేస్తుంది మాకు. గౌన్లన్నీ చక్కగా సరిపోతున్నాయి. ఏ వాపూ లేదు.”

“అయినా బీపీ చూడాలండీ. ఈ వారంలో తప్పకుండా తీసుకురండి.”

“రోడ్డు బాగవగానే తెస్తాం.”

పెద్దకోడలి నాలుక మీదే ఉంది మాట. ‘అత్తయ్యా, ఆ గౌన్లు నేను విప్పాను’ అంటే చాలు. ఫోను ఇంకా పెట్టేయలేదు. నర్సు ఇంకా ఏదో చెబుతూనే ఉంది. కానీ పెద్దకోడలి లోపల ఇంకో గొంతు లేచింది. నన్నెవరు అడిగారు? నా చేతులు వాచినప్పుడు ఏ ఫోను వచ్చింది, ఎవరు ఎత్తారు? పాలగ్లాసులు మోసినవాళ్ళకు తెలియదా? చూసుకోనీ. ఆమె పెడలు మీద కాలు గట్టిగా నొక్కింది. మిషన్ మోతలో ఫోను మాటలు కొట్టుకుపోయాయి.

చేసింది తప్పని ఆమెకు తెలుసు. తెలిసి చేసింది. అయినా సాయంత్రం పాలగ్లాసు మెట్లెక్కుతుంటే చూసి, ‘ఎక్కించు, ఎక్కించు’ అనుకుంది.

ఆ వారం చివర్లో ఒక మధ్యాహ్నం, కత్తెరమ్మ కునుకు తీస్తున్న వేళ, చిన్నకోడలు తనే మెట్లు దిగి వచ్చింది. చేతిలో గౌను. ముఖం ఉబ్బి కళ్ళు చిన్నవైపోయాయి. బొద్దుగా ఉందని ఎవరైనా మురిసిపోయే ముఖమే.

“దొంగతనంగా వచ్చానక్కా. పైన ఒక్కదాన్నే ఉంటే పిచ్చెక్కుతోంది.” గుడ్డల మూట మీద కూర్చుంది. “ఒక మాట చెప్పనా? తిట్టకూడదు. నిన్ను చూస్తే నాకు కుళ్ళు.”

పెద్దకోడలు తలెత్తింది. “నన్ను చూస్తేనా?”

“నిన్నే. నీ పని నీది, నీ పిల్ల నీది. అది ఇల్లంతా గెంతుతుంటే పైన పడుకుని వింటూ ఉంటా. నాకైతే ఊపిరి తీసినా లెక్కే. ఇన్ని చేశాక మంచి పిల్ల పుట్టకపోతే అత్తయ్య ఏమంటారో అని భయమేస్తుందక్కా. తలనొప్పని కూడా చెప్పబుద్ధి కాదు. చెబితే ఇంకో దిండు తెస్తారు.” నవ్వింది. “ఇలా ఇవ్వు, సూదిలో దారం ఎక్కిస్తా. ఏదో ఒక పని చేసినట్టుంటుంది.”

సూది పట్టుకుంది. దారం చివర నాలుకతో తడి చేసుకుని పెట్టింది. తగల్లేదు. మళ్ళీ పెట్టింది. సూదికి జానెడు దూరంలో గాలిలో పెట్టింది.

“ఇదేంటక్కా, రెండు సూదులు కనిపిస్తున్నాయి. పొద్దుట్నుంచీ ఇంతే, కళ్ళ ముందు మిణుకుమిణుకుమని...”

పెద్దకోడలు లేచి వచ్చి చిన్నకోడలి చెయ్యి పట్టుకుని బొటనవేలితో నొక్కింది. నొక్కినచోట పడ్డ గుంట పడ్డట్టే ఉండిపోయింది. ఆ చెయ్యి వెచ్చగా ఉంది, నమ్మకంగా ఆమె చేతిలో వాలి ఉంది. ఇన్నాళ్ళూ లోపల అరుస్తున్న గొంతు ఎక్కడికి పోయిందో పోయింది.

“ఏమండీ! వ్యాను తీయండి!”

ఆ కేకకు కత్తెరమ్మ లేచి వచ్చింది. “ఏమైంది? ఎక్కడికి? ఆ గుంటల్లోనా? కడుపులో బిడ్డ...”

“పక్కకు తప్పుకోండి అత్తయ్యా!”

పదేళ్ళలో ఆ ఇంట్లో ఎవరూ ఆవిడతో అనని మాట అది. ఆశ్చర్యంతోనే తప్పుకుంది.

వ్యాను వెనక యూనిఫాంల మూటల మధ్య చిన్నకోడలిని పడుకోబెట్టి, కుదుపు వచ్చినప్పుడల్లా తన ఒళ్ళు అడ్డం పెట్టింది పెద్దకోడలు. ఆస్పత్రిలో బీపీ చూసిన నర్సు మాట్లాడకుండా పరుగెత్తింది. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవని, తల్లీబిడ్డా ఇద్దరూ దక్కేవారు కాదేమోనని కాన్పుల డాక్టరు తర్వాత చెప్పింది. మందులతో కొన్నాళ్ళు నెట్టుకొచ్చి, ఎనిమిదో నెలలో ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల. చాలా చిన్నది. అద్దాల పెట్టెలో ఉంచారు.

పెద్దకోడలు ఆ రోజుల్లో తిండి సరిగ్గా తినలేదు. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. “నువ్వు చూడబట్టి సరిపోయింది వదినా” అని మరిది చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆ మెచ్చుకోలు ఒక్కొక్కటీ ఆమెకు సూది గుచ్చినట్టే ఉండేది.

బిడ్డ గండం గడిచిందన్న రోజు సాయంత్రం పెద్దకొడుకు తప్ప అందరూ చిన్నకోడలి గదిలో చేరారు. పక్క గోడకున్న పెద్ద అద్దంలోంచి పసిపిల్లల పెట్టెలు కనిపిస్తున్నాయి. డాక్టరు వచ్చి, “నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టింది కాబట్టి ఎదుగుదల జాగ్రత్తగా చూసుకోవాలి. మాట, నడక, చదువు, ధ్యాస, అన్నీ. ఏదో వస్తుందని కాదు. గమనిస్తూ ఉండాలంతే” అని వెళ్ళిపోయింది.

కత్తెరమ్మ మళ్ళీ తనకు కావలసిన ముక్క కత్తిరించుకుంది. నెమ్మదిగా చిన్నకోడలి వైపు తిరిగింది. ఆ చూపు పెద్దకోడలికి బాగా తెలుసు. ఎన్నాళ్ళుగానో తన మీద పడుతున్న చూపే అది.

“ఇన్ని చేశానే నీకు. కాలు కింద పెట్టనివ్వలేదే. తలనొప్పని నాతో ఒక్క మాట అన్నావా? ఇప్పుడు చూడు, ఇది కూడా...”

చిన్నకోడలు దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. “భయమేసిందత్తయ్యా” అంది.

“భయమా? గౌన్లన్నీ సరిపోతున్నాయి, ఏ వాపూ లేదని నా నోటితో నేను ఆస్పత్రికి చెప్పాను. ఎలా దాచావమ్మా అంత వాపు?”

పెద్దకోడలు కోరుకున్నది ఇదే. అక్షరాలా ఇదే. ఆ చూపు తన మీద నుంచి లేచి మేడమీది మంచం మీద వాలాలని ఎన్ని మధ్యాహ్నాలు కలగంది! ఇప్పుడు వాలింది. నోరు మూసుకుంటే చాలు, ఇక జన్మంతా అక్కడే ఉంటుంది. చిన్నకోడలి కళ్ళు దాక్కునే చోటు కోసం గోడలు వెతుక్కోవడం చూసింది. తను కూడా ఆనాడు డాక్టరమ్మ గదిలో అలాగే వెతుక్కుంది.

“అది దాచలేదత్తయ్యా. గౌన్లు సరిపోలేదు. నేను విప్పాను.”

ఆగకుండా మిగతాదీ చెప్పేసింది.

“చేతులు పట్టేస్తున్నాయని బుట్టలో పంపేది. నేను వదులు చేసి పైకి పంపేదాన్ని. అది వాపని నాకు తెలుసు. మీరు ఫోనులో వాపు లేదంటున్నప్పుడు కూడా తెలుసు. విన్నాను. నోరు తెరవలేదు.”

మరిది కుర్చీలో కూలబడ్డాడు. చిన్నకోడలు ఒక్కతే మెల్లగా అడిగింది.

“ఎందుకక్కా?”

సమాధానాలు చాలా ఉన్నాయి. పాలగ్లాసులు ఉన్నాయి, ఉంగరం ఉంది, మెట్ల మీద కూర్చున్న పిల్ల ఉంది. అవన్నీ చెప్పి ఏడిస్తే ఎవరైనా కాస్త కరుగుతారేమో. కానీ అడిగిన పిల్ల ముఖం చూశాక అడ్డదారి తొక్కాలనిపించలేదు.

“నీకు కూడా బొంగరమే పుట్టాలని” అంది.

“నిజంగానా అమ్మా?”

అందరూ గుమ్మం వైపు తిరిగారు. బొంగరం నిలబడి ఉంది. ఇంట్లో ఎవరూ లేరని పెద్దకొడుకు బడి నుంచి అటే తీసుకొచ్చినట్టున్నాడు. వెనక ఆయన ముఖం పాలిపోయింది. బూటు లేసులు నేల మీద ఈడుస్తూ బొంగరం ఒక్క గెంతులో అమ్మ దగ్గరికి వచ్చింది.

“నాలాంటి పిల్లే పుట్టాలని కోరుకున్నావా? నిజంగా?”

కళ్ళు వెలిగిపోతున్నాయి. ‘ఈసారి అలా జరగకూడదు’ అని నానమ్మ పూటపూటకీ అంటుంటే విన్న పిల్ల. తనలాంటి పిల్ల ఇంకొకటి కావాలని ఎవరైనా కోరుకుంటారని దానికి కలలో కూడా తోచి ఉండదు. అమ్మ జవాబు కోసం ఆగింది. చేతులు, కాళ్ళు, తల, ఏదీ కదపకుండా ఆగింది.

పెద్దకోడలికి నేల చీలితే బాగుండుననిపించింది. అత్తగారు చూపుతో చేసిన పని తను కోరికతో చేసింది. తన కూతురినే శాపంగా చేసి ఇంకొకరి కడుపు మీదికి విసిరింది. ఆ శాపం ఇప్పుడు ఎదురుగా నిలబడి మురిసిపోతోంది.

“అవును” అంది.

బొంగరం ఎగిరి ఆమె మెడ చుట్టూ చేతులు వేసి బుగ్గ మీద గట్టిగా ముద్దు పెట్టుకుంది. “థాంక్యూ అమ్మా” అంది. వెంటనే అద్దం దగ్గరికి పరుగెత్తి, ముక్కు ఆనించి, లోపలి పసిగుడ్డును చూసి గంతులేసింది. “కాళ్ళు తంతోంది! పిన్నీ, చూడు, నాలాగే కాళ్ళు తంతోంది!”

చిన్నకోడలు బిడ్డ వైపు చూడలేదు. పెద్దకోడలి బుగ్గ మీద ఆ ముద్దు తడి ఇంకా ఆరలేదు. చిన్నకోడలు దాన్నే చూస్తోంది. పెద్దకోడలు తుడుచుకోనూ లేదు, తలెత్తనూ లేదు.